గోపురం కింది నుంచి గుడిమల్లం దాకా: బడిపిల్లల చరిత్ర నడకలపై ఒక సమీక్ష

ఈ విద్యా సంవత్సరంలో మా పాఠశాల ఎనిమిదో తరగతి విద్యార్థుల కోసం తీసుకున్న చరిత్ర నడకల సేవ గురించి, దానిని తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు పనికి వస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సేవను నడుపుతున్నది తిరుపతికి చెందిన ఒక చిన్న బృందం. అందులో పదవీ విరమణ చేసిన చరిత్ర ఉపాధ్యాయుడు ఒకరు, శాసనాలు చదవడం నేర్చుకున్న యువ పరిశోధకులు కొందరు ఉన్నారు. ఇది ప్రకటనగా మారకూడదని, లోపాలు చెప్పేటప్పుడు మొహమాటం అడ్డు రాకూడదని వారి పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

సేవలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది బడిలోనే జరిగే శాసన పాఠం, రెండోది తిరుపతి పాత ఊరిలో ఉదయపు నడక, మూడోది చంద్రగిరి కోటలోనూ అక్కడి మ్యూజియంలోనూ గడిపే ఒక పూట. అదనపు రుసుము చెల్లిస్తే గుడిమల్లం ప్రయాణాన్ని కూడా కలుపుతారు. రుసుము తలకు ఒక మంచి సినిమా టికెట్టు ధర కంటే కొంచెం ఎక్కువ అవుతుంది. బస్సు, భోజనం బడి చూసుకోవాలి. చంద్రగిరిలాంటి కేంద్ర పురావస్తు శాఖ స్థలాలలో పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు గనుక అక్కడ అదనపు ఖర్చు రాలేదు.

ముందుగా శాసన పాఠం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సేవ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది అదే. బృందం ఒక రాతి పలకను వెంట తెస్తుంది. దానిపై పాత శాసనాల తీరులో కొన్ని పంక్తులు చెక్కించి ఉన్నాయి. పిల్లలు ఆ పలకను బ్రష్షుతో, నీళ్ళతో శుభ్రంగా కడుగుతారు. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, గట్టి కుచ్చుల బ్రష్షుతో అదేపనిగా తట్టి, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేలా చేస్తారు. తరువాత మసి కలిపిన సిరాను గుడ్డ ఉండతో పైపైన అద్దుతారు. ఉబ్బెత్తు భాగమంతా నల్లబడి, లోతుగా ఉన్న అక్షరాలు మాత్రం తెల్లగా మిగిలిపోతాయి. పాఠ్యపుస్తకంలో ‘శాసనాలు చరిత్రకు ఆధారాలు’ అన్న ఒక్క వాక్యాన్ని ఏళ్ళ తరబడి బట్టీ పట్టించిన ఉపాధ్యాయుణ్ణి నేను. చేతులకు మసి అంటుకున్న పిల్లలు ఆ కాగితాన్ని ఎండకు పెట్టి, ఆరుతుంటే చుట్టూ గుమిగూడి, ‘స్వస్తి శ్రీ’ అన్న మొదటి అక్షరాలను కూడబలుక్కుంటూ చదవడం చూసినప్పుడు ఆ వాక్యానికి ప్రాణం వచ్చినట్లనిపించింది.

అక్కడితో ఆగకుండా శాసనం నిర్మాణాన్ని కూడా వివరించారు. మొదట మంగళవాచకం, తరువాత రాజు పేరు, బిరుదులు, శక సంవత్సరం, ఆపైన దాత ఎవరు, ఇచ్చింది ఏమిటి, దాని ఆదాయం ఏ సేవకు ఖర్చు కావాలి అన్న వివరాలు వస్తాయి. చివరగా ఆ దానాన్ని అపహరించినవాడు అరవై వేల సంవత్సరాలు మలంలో పురుగై పుడతాడన్న సంస్కృత శ్లోకం ఉంటుంది. ఈ శాపం దగ్గర తరగతి గది ఎంతగా నవ్విందో చెప్పలేను గాని, ఆ నవ్వు తరువాత శాసనం అంటే ఒక చట్టబద్ధమైన ఒప్పంద పత్రమని, దానికి రాయిని ఎంచుకున్నది తరాల తరబడి నిలవాలనేనని వారికి చెప్పకుండానే అర్థమైంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని చెప్పి లెక్కలు చేయించారు. ఎప్పుడూ వెనుక బెంచీలో ఉండే ఒక అబ్బాయి అందరికంటే ముందు జవాబులు చెప్పడం నాకు కొత్త.

తిరుమల గుడిగోడల మీద, తిరుపతి ఆలయాలలో దొరికిన శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల కృషితో దేవస్థానం వాటిని 1930లలో సంపుటాలుగా అచ్చు వేయించింది. వాటిలో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయన్న సంగతి పిల్లలను ఆశ్చర్యపరిచింది. ‘మన వెంకన్న గుళ్ళో తమిళం ఎందుకుంది సార్?’ అని ఒక అమ్మాయి నేరుగా అడిగింది. ఇలాంటి ప్రశ్నకు తడబడేవారే ఎక్కువ. ఆ విశ్రాంత ఉపాధ్యాయుడు మాత్రం పటం గీసి, పల్లవులు, చోళులు, చోళుల కింది యాదవరాయలు ఈ ప్రాంతాన్ని ఏలిన కాలం, కంచి చుట్టూ ఉన్న తమిళ ప్రాంతానికి ఉండిన తొండమండలం అన్న పేరు ఈ నేలను కూడా కలుపుకొని ఉండిన కాలం వివరించారు. అక్కడి నుంచి నేరుగా ఇటీవలి కాలానికి వచ్చి, 1911 దాకా చిత్తూరు అనే జిల్లాయే లేదని, ఇక్కడి తాలూకాలు అప్పటిదాకా ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాలలో ఉండేవని, 1960లో జరిగిన సరిహద్దు మార్పిడిలో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిందని, 2022 ఏప్రిల్‌లో తిరుపతి ప్రత్యేక జిల్లా అయిందని చెప్పారు. తిరుత్తణిలో మేనమామలున్న పిల్లలు మా తరగతిలో ఒకరిద్దరు కాదు. వారి ఇళ్ళలో ఆ వారం ఈ విషయమే చర్చ అని తల్లిదండ్రుల సమావేశంలో విన్నాను.

పల్లవ రాణి సామవై తిరుమలలో వెండి విగ్రహాన్ని, నగలను, భూములను సమర్పించినట్లు తెలిపే శాసనాన్ని కూడా ఈ పాఠంలో చేర్చారు. భోగశ్రీనివాసమూర్తిగా నేటికీ సేవలు అందుకుంటున్నది ఆ విగ్రహమేనని చెప్పినప్పుడు ఆడపిల్లలలో కనిపించిన శ్రద్ధను బట్టి, రాజుల పేర్ల మధ్య ఒక స్త్రీ పేరు వినిపించడం ఎంత అవసరమో నాకు అర్థమైంది. ఈ శాసనం కాలం గురించి పండితులలో వాదం ఉంది. సంవత్సరం చెప్పకుండా దాటవేయకపోవడం, ‘ఇలా ఎందుకు అనుకుంటున్నారంటే’ అని రెండు వైపుల కారణాలూ చెప్పడం ఈ బృందం మంచి అలవాట్లలో ఒకటి.

ఊరి నడక ఉదయం ఏడు గంటలకు గోవిందరాజస్వామి ఆలయం పెద్ద గోపురం ముందు మొదలైంది. ఏడంతస్తుల ఆ గోపురాన్ని మట్లి అనంతరాజు కట్టించాడు. ఆయన, ఆయన ముగ్గురు భార్యల రూపాలు గోపుర ద్వారం లోపలి గోడల మీద ఉన్నాయి. ఈ సంగతి పిల్లలకు ముందుగా చెప్పలేదు. ‘ఈ ద్వారంలో దేవుడు కాని మనుషులు ఎక్కడున్నారో వెతకండి’ అని మాత్రం అడిగారు. దశావతారాలు, రామాయణ ఘట్టాలు దాటుకుంటూ చేతులు జోడించి నిలబడిన ఆ రాజకుటుంబాన్ని ఒక్కొక్కరే కనిపెట్టి, దేవుడి బొమ్మకూ మనిషి బొమ్మకూ తేడా ఎలా తెలిసిందో వారే చెప్పారు. నగలు తక్కువ, ఆయుధాలు లేవు, నాలుగు చేతులు లేవు, నమస్కరిస్తున్నారు. చూడడం నేర్పడం అంటే ఇదే.

అక్కడి నుంచి మాడవీధులు, తీర్థకట్ట వీధి, హథీరాంజీ మఠం మీదుగా నడక సాగింది. శ్రీ రామానుజులు గోవిందరాజస్వామిని ఇక్కడ ప్రతిష్ఠించారని, చుట్టూ ఊరు పెరిగిందని చెప్పే సంప్రదాయాన్ని సంప్రదాయంగానే చెప్పారు. మఠం దగ్గర చెప్పిన పాఠం నాకు ప్రత్యేకంగా నచ్చింది. ఈస్టిండియా కంపెనీ పాలనలో ఆలయ వ్యవహారాలు ప్రభుత్వం చేతిలో ఉండడం, 1843లో వాటిని హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించడం, తొంభై ఏళ్ళ తరువాత 1933లో చట్టం ద్వారా దేవస్థానం పాలకవర్గం ఏర్పడడం అన్నవి ఒక కథగా అమర్చి చెప్పారు. తమ ఇళ్ళలో ఒక్కొక్కరైనా దేవస్థానంలో ఉద్యోగం చేస్తున్న ఈ ఊరి పిల్లలకు, ఆ సంస్థకూ ఒక పుట్టుక ఉందని తెలియడం చిన్న విషయం కాదు.

అయితే ఊరి నడకలోనే ఈ సేవ బలహీనతలు కూడా బయటపడ్డాయి. మొత్తం తరగతిని ఒకే గుంపుగా నడిపించడం పొరపాటు. గాంధీ రోడ్డు వైపు రద్దీ పెరిగే సమయానికి వెనుక ఉన్న పిల్లలకు మాట వినిపించడం ఆగిపోయింది. చిన్న మైకు కూడా లేకపోవడం వల్ల గైడు గొంతు చించుకోవలసి వచ్చింది. యాత్రికుల బస్సుల మధ్య, తోపుడు బండ్ల మధ్య పిల్లలను దాటించడమే మా పని అయింది. నడక చివరి గంట దాదాపు వృథా. ఇరవై అయిదుగురికి మించకుండా రెండు గుంపులు చేసి, ఒకదానిని మాడవీధుల వైపు, మరొకదానిని కోనేటి వైపు నుంచి నడిపిస్తే ఈ చిక్కు ఉండదు. నిర్వాహకులకు ఈ మాట చెప్పాము. అంగీకరించారు గాని, రెండో గైడు రావాలంటే రుసుము పెరుగుతుందన్నారు. పెరిగినా ఇవ్వవలసిన రుసుమే అది.

ఇంకొక విషయం కూడా ముందే మాట్లాడుకోవాలి. మా తరగతిలో ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలున్నారు. ఊరి చరిత్ర ఆలయం చుట్టూ అల్లుకున్నది గనుక ఆలయాన్ని తప్పించి నడక సాధ్యం కాదు. ఈ బృందం గోపురాన్ని, ప్రాకారాన్ని, శాసనాన్ని శిల్పంగా, పత్రంగా, నిర్మాణంగా పరిచయం చేసింది. దర్శనాన్ని నడకలో భాగం చేయలేదు, లోపలికి వెళ్ళాలనుకున్నవారిని నడక ముగిసిన తరువాత వెళ్ళమంది. ఏ ఇంటి నుంచీ అభ్యంతరం రాలేదు. తిరుమలకు మాత్రం పిల్లలను తీసుకెళ్ళరు. ఆ రద్దీలో పాఠం చెప్పడం కుదరదన్న వారి నిర్ణయం సరైనదే. కొండ పాఠంలో కొంత భాగాన్ని ఛాయాచిత్రాలతో పూరించారు. ఘాట్ రోడ్డు పక్కన భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన రాతిపొరల విచ్ఛిత్తి, అంటే పొరల మధ్య కాలం తెగిన చోటు, కింది పురాతన శిలకూ పైనున్న క్వార్ట్‌జైటు అనే గట్టి రాతికీ మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల విరామం, తిరుమల మీది రాతి కమాను అయిన శిలాతోరణం ఆ క్వార్ట్‌జైటులోనే సహజంగా ఏర్పడడం వంటివి క్లుప్తంగా చెప్పారు. చరిత్ర మాష్టారుగా నాకు ఇది తొందరగా ముగిసిపోయినట్లనిపించింది. సైన్సు టీచరును కూడా వెంట తీసుకెళ్ళి ఉంటే బాగుండేది.

చంద్రగిరి గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే సేవకు అసలు పరీక్ష అక్కడే. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న ఈ కోటను మన పిల్లలు చూడడం అంటే సాయంత్రం సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనకు వెళ్ళి, పచ్చిక మీద ఫోటోలు దిగి రావడం. ఈ బృందం వారిని మహలు దగ్గరకు నేరుగా తీసుకెళ్ళలేదు. ముందు కోటగోడ దగ్గర ఆపి, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ పెద్ద రాళ్ళను చేత్తో తడమమని, కందకం ఎటువైపు ఉందో, కొండ ఎటువైపు ఉందో, శత్రువు ఎటు నుంచి రావలసి ఉంటుందో చెప్పమని అడిగింది. కొండ వెనుకవైపు కాపలా కాస్తుంటే ముందువైపు గోడ, కందకం సరిపోతాయని పిల్లలే తేల్చారు.

విజయనగర చరిత్రలో చంద్రగిరి ఎందుకు ముఖ్యమో చెప్పిన క్రమం కూడా బాగుంది. చంద్రగిరి పాలకుడిగా ఉన్న సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనాన్ని ఎక్కడం, కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు తిరుమలకు రావడం, 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని పెనుగొండకు, 1592 నాటికి చంద్రగిరికి మారడం, 1646లో గోల్కొండ సేనలు ఈ కోటను పట్టుకోవడం అన్న సంఘటనలను పటం మీద వేలితో చూపిస్తూ చెప్పారు. పాఠ్యపుస్తకాలలో విజయనగరం కథ తళ్ళికోటతో ముగిసిపోతుంది. ఆ తరువాతి దాదాపు ఎనభై ఏళ్ళ కథ మన గుమ్మం ముందే జరిగిందని తెలిసినప్పుడు పిల్లలు రాజమహలును చూసిన చూపు మారింది.

మూడంతస్తుల రాజమహలు రాయి, ఇటుక, సున్నంతో కట్టినది, కట్టెను వాడలేదు. మరి అంతస్తులు ఎలా నిలిచాయి? గైడు వివరణ మొదలుపెట్టలేదు. ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు ఆనించి, పాదాలు వెనక్కి జరుపుతూ ఒకరి మీద ఒకరు వాలమన్నారు. మూడో పిల్లవాడిని ఆ చేతుల మీద బలంగా నొక్కమన్నారు. నొక్కినకొద్దీ చేతులు బిగుసుకున్నాయి, కాళ్ళు మాత్రం జారబోయాయి. కమానుకు బరువే బలమని, ఆ బరువును పక్కల నుంచి ఆపే లావు గోడలు ఎందుకు కావాలో అక్కడే తెలిసిపోయింది. దక్షిణాదిన గచ్చులో బెల్లపు నీరు, కరక్కాయ కషాయం కలిపేవారని చెప్పినప్పుడు, తాపీ పని చేసే కుటుంబం నుంచి వచ్చిన ఒక అబ్బాయి తన తాత ఇంకా సున్నం నానబెట్టే పద్ధతిని వివరించాడు. గైడు తన మాట ఆపి ఆ అబ్బాయిని పూర్తిగా చెప్పనిచ్చారు. ఆ ఓపికకు వారికి నా నమస్కారం.

‘సార్, రాజుగారి బాత్రూం యాడుంది?’ అన్న ప్రశ్న కూడా వచ్చింది. అందరూ నవ్వారు గాని, గైడు దానిని కొట్టిపారేయలేదు. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి, మహలు దగ్గరి బావికి ఎవరు వెళ్ళేవారు, మోసేదెవరు అన్న వైపుకు చర్చను తిప్పి, రాజు ఒక్కడి గురించే కాకుండా కోటలో బతికిన మిగిలిన మనుషుల గురించి ఆలోచింపజేశారు.

అయితే రాణీమహలు దగ్గర అదే బృందం నన్ను నిరాశపరిచింది. ఆ పూట వచ్చిన యువ గైడు, రాణులు అక్కడి కిటికీల నుంచి ఏం చూసేవారో, రహస్య సొరంగం ఎక్కడికి పోతుందో కళ్ళకు కట్టినట్లు చెప్పుకుపోయారు. నిజానికి ఆ భవనం కింది అంతస్తు గుర్రపుశాల అని కొందరు, సేనానుల నివాసమని కొందరు అంటారు. ‘రాణీమహలు’ అన్నది జనం నోట నిలిచిన పిలుపు. మద్రాసు దానపత్రం కథ దగ్గరా ఇదే జరిగింది. రాజమహలులోనే ఇంగ్లీషువారికి మద్రాసును రాసిచ్చారన్న జనప్రచారాన్ని నిర్ధారించిన విషయంగా చెప్పేశారు. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు ఆ భూమిని ఇచ్చింది చంద్రగిరి రాయల కింది నాయకుడైన దామర్ల వెంకటాద్రి అని, తరువాత 1645లో శ్రీరంగరాయలు ఇంకొక పత్రం ఇచ్చాడని, సంతకాలు జరిగిన చోటు గురించి పండితులు ఒకే మాట మీద లేరని చెబితే కథ రుచి తగ్గదు. పైగా చెన్నైలో బంధువులున్న పిల్లలు ఎందరో ఉన్న మా ఊరికి, తెలుగు నాయకుడొకడి దానంతో ఆ నగరం మొదలైందన్న నిజమే చాలు. శాసన పాఠంలో ఆధారం ఏమిటని అడగడం నేర్పిన బృందం, కోటలో ఆ ప్రశ్నను తానే మరిచిపోవడం విడ్డూరం. నేను ఈ మాట అక్కడే, పిల్లల ముందే, మర్యాదగా అడిగాను. గైడు కొంచెం ఇబ్బంది పడ్డారు. పిల్లలు మాత్రం ఆ రోజు నుంచి సొరంగం కథ ఎవరు చెప్పినా ‘ఏ శాసనంలో ఉంది?’ అంటున్నారు.

మ్యూజియంలో పని తీరు మళ్ళీ మెరుగుపడింది. రాజమహలులోనే ఉన్న ఆ గదులలో కంచు విగ్రహాలు, రాతి శిల్పాలు, ఆయుధాలు, నాణేలు ఉన్నాయి. కృష్ణదేవరాయలు, ఆయన ఇద్దరు రాణుల లోహ విగ్రహాలు కూడా చూడవచ్చు. పిల్లలను వరుసగా అన్నీ చూపిస్తూ తీసుకెళ్ళలేదు. ఒక్కొక్క జతకు ఒక్క వస్తువును కేటాయించి, పది నిమిషాలు దాని ముందే కూర్చొని, చూసినదాన్ని గీయమన్నారు. అన్నీ చూడలేదని కొందరు తల్లిదండ్రులు తరువాత అసంతృప్తి వ్యక్తం చేశారు. వారితో నేను ఏకీభవించను. అన్నీ చూసిన పిల్లవాడు బయటకు వచ్చి ‘కత్తులున్నాయి’ అంటాడు. ఒక్క విగ్రహాన్ని గీసిన పిల్లవాడు రాయల తలమీది కుళ్ళాయి ఆకారాన్ని నెల తరువాత కూడా బోర్డు మీద గీసి చూపించగలడు.

వర్క్‌షీట్లు మాత్రం పూర్తిగా మార్చాలి. అవి ఇంగ్లీషులో తయారు చేసి తెలుగులోకి మార్చినవని మొదటి పంక్తిలోనే తెలుస్తుంది. ప్రశ్నలు కూడా గైడు అడిగే ప్రశ్నలలా లేవు. ఎవరు, ఎప్పుడు, ఎన్ని అన్న ఖాళీలే ఎక్కువ. మా పిల్లలు వాటిని బస్సులోనే ఒకరిని చూసి ఒకరు నింపేశారు. తరువాత మేమే తెల్ల కాగితాలు ఇచ్చి, ‘మీరు చూసినవాటిలో మీకు అర్థం కాని ఒక్క విషయం రాయండి’ అన్నాము. వచ్చిన జవాబులు బృందానికి పంపాము.

గుడిమల్లం ప్రయాణం అదనపు ఖర్చుకు తగినదేనా అని చాలామంది అడుగుతున్నారు. నా అభిప్రాయంలో తొమ్మిదో తరగతి, ఆపై పిల్లలకు తప్పక తగినది; అంతకంటే చిన్నవారికి తొందర. పాపానాయుడుపేట మీదుగా వెళ్ళే ఈ ఊరిలో, సువర్ణముఖి నదికి దగ్గరలో, పరశురామేశ్వరాలయం ఉంది. గర్భగుడి నేల చుట్టుపక్కల మట్టం కంటే పల్లంలో ఉంటుంది. విమానం వెనుకభాగం గజపృష్ఠాకారంలో, అంటే ఏనుగు వెనుకభాగంలా, ఒంపు తిరిగి ఉంటుంది. లోపలి లింగం ఎత్తు సుమారు అయిదు అడుగులు. దాని ముందు భాగంలో మరుగుజ్జు మీద నిలబడి, ఒక చేత పొట్టేలును, మరొక చేత పాత్రను పట్టుకుని, భుజాన గొడ్డలి వేసుకున్న పురుషుడు చెక్కి ఉన్నాడు. పురావస్తు పండితుడు టి.ఏ. గోపీనాథరావు 1911లో దీనిని పండితలోకానికి పరిచయం చేశారు. క్రీస్తుకు పూర్వం రెండో, ఒకటో శతాబ్దాలదని చాలామంది అంటారు. అంతకు ముందుకు, వెనుకకు జరిపేవారూ ఉన్నారు.

పూజలందుకుంటున్న మూర్తి కనుక దగ్గరికి వెళ్ళి పరిశీలించడం కుదరదు. దీపపు వెలుగులో దూరం నుంచి కనిపించేది కొంతే. అందుకే బృందం నిలువెత్తు ఛాయాచిత్రాన్ని వెంట తెచ్చి, ఆలయం బయట చెట్టు నీడలో పరిచి, ‘ఎవరో చెప్పవద్దు, ఏం కనిపిస్తున్నదో చెప్పండి’ అన్నది. వేటగాడు అన్నారు, గొర్రెల కాపరి అన్నారు. ఆ తరువాత, శివుని మానవరూపంతో కూడిన లింగాలలో ఇది అత్యంత ప్రాచీనమైనవాటిలో ఒకటని చెప్పినప్పుడు, తమ చూపుకూ పండితుల చూపుకూ మధ్య పెద్ద దూరం లేదన్న ధైర్యం వారికి కలిగింది. ఎండ, ఆలయం మధ్యాహ్నం మూసే వేళ, మరుగుదొడ్ల కొరత అన్నవి ఈ ప్రయాణానికి ఇబ్బందులు. ముఖ్యంగా ఆడపిల్లల కోసం బడివారే ముందుగా దారిలో ఏర్పాటు చూసుకోవాలి. బృందం దీనిని మాకు వదిలేసింది, చెప్పనూ లేదు.

ఇదే దారిలో ఒక పెద్ద అవకాశాన్ని చేజార్చుకుంటున్నారని కూడా చెప్పాలి. పాపానాయుడుపేట గాజుపూసల ఊరు. కరిగిన గాజును ఇనుప కడ్డీతో బోలుగా ఉండే సన్నని గొట్టంగా లాగి, దానిని ముక్కలు కోసి పూసలు చేసే పద్ధతి ఇక్కడ మన కాలం దాకా నిలిచింది. రెండు వేల ఏళ్ళ కింద పుదుచ్చేరి దగ్గరి అరికమేడు వంటి రేవుల నుంచి సముద్రాలు దాటిన పూసలు ఇదే తరహా పద్ధతిలో తయారైనవి గనుక, పురాతన గాజు పనిని అర్థం చేసుకోవడానికి దేశదేశాల పరిశోధకులు ఈ ఊరిని చూసి వెళ్ళారు. మన బస్సు అక్కడ టీ కోసం ఆగింది. టీ బాగుంది. గాజుపని గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఒక పనివారి ఇంటి అనుమతి తీసుకుని, వారికి గౌరవంగా రుసుము ఇచ్చి అరగంట చూపిస్తే, గుడిమల్లం కంటే అదే పిల్లలకు ఎక్కువ గుర్తుండిపోతుందేమోనని నా అనుమానం.

గంగమ్మ జాతర విషయంలోనూ ఇదే లోటు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు వేసే కుటుంబాలు మా పిల్లల ఇళ్ళ పక్కనే ఉన్నాయి. పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేషాలు మార్చిన కథను ప్రతి అవ్వా చెబుతుంది. పాలెగాళ్ళ కాలపు జ్ఞాపకాన్ని ఏ మ్యూజియం పెట్టెలోనూ పెట్టలేము. ఊరి నడక దారిని గంగమ్మ గుడి దాకా పొడిగించి, పిల్లలను ముందుగా తమ అవ్వల దగ్గర కథను రాసుకుని రమ్మంటే ఆ పూట సంపూర్ణమవుతుంది. రాజులు, దేవస్థానం, కంపెనీ అన్నీ ఉన్న ఈ సేవలో ఊరి జనం భాగం ఇంకా తక్కువగానే ఉంది.

తీసుకోదలచిన పాఠశాలలకు కొన్ని ఆచరణ సూచనలు. చంద్రగిరి మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు పెట్టుకోవద్దు. బ్రహ్మోత్సవాల రోజులలో ఊరి నడక అసాధ్యం, అక్టోబరు, నవంబరులలో వానలు, మార్చి దాటితే ఎండ. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు అనుకూలం. శాసన పాఠాన్ని మాత్రం ఏ నెలలోనైనా విడిగా తీసుకోవచ్చు. డబ్బు పరిమితంగా ఉన్న పాఠశాలలకు నా సలహా అదే: శాసన పాఠం, చంద్రగిరి తీసుకోండి, ఊరి నడకను మీరే చేయండి, ఎందుకంటే ఆ వీధులు మీకే బాగా తెలుసు. చంద్రగిరికి ఆ విశ్రాంత ఉపాధ్యాయుడే రావాలని ముందుగా రాతపూర్వకంగా అడగండి. వర్క్‌షీట్లు వద్దనండి. గుంపుకు ఎంతమంది అన్నది ఒప్పందంలో రాయించుకున్న తరువాతే బయానా ఇవ్వండి.